కింది గది గాలి

పన్నెండుంపావుకి నేను గేటు తీసేసరికి ఆ ఇంటి ముందు పోలీసు జీపు ఆగి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. జీపు వచ్చిందంటే ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడంటే మళ్ళీ నాకంటే ముందే వచ్చినట్టు.

ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరో కాదు, నా తోడల్లుడు. నా భార్య చెల్లెలి మొగుడు. నాకంటే ఆరేళ్ళు చిన్న, రెండంగుళాలు పొడుగు. జుట్టు ఒక్కటి కూడా రాలలేదు. "మా చిన్నల్లుడు ఒక్క మాట మాట్లాడినా తూచి మాట్లాడతాడు" అని మామగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెబుతారు. నేను నోరు తెరిస్తే మాత్రం చెవిలో మిషను తీసి తుడుచుకుంటారు. నేను ప్రైవేట్ డిటెక్టివ్‌ని. ఆయన లెక్కలో అది ఉద్యోగం కాదు, ఒక రకం చెడ్డ అలవాటు.

నిజం చెప్పేస్తాను. వాడంటే నాకు కుళ్ళు. పదకొండేళ్ళుగా కుళ్ళు. వాడి యూనిఫాం ఇస్త్రీ చూసినా కుళ్ళే, మా అత్తగారి కళ్ళజోడు వాడు వెతికిపెట్టినా కుళ్ళే. ఈ పదకొండేళ్ళలో వాడి మీద నేను గెలిచింది ఒకే ఒక్కసారి. ఎనిమిది నెలల కిందట మామగారు ఇంట్లో గాలి పరీక్ష చేయించారు. మేమిద్దరం ఉండేది ఆయన ఇంట్లోనే, చెరో వాటాలో. కింది వాటా గాలి మంచిదని కాగితం వచ్చింది. అప్పటిదాకా పై వాటాలో ఉన్న నేను ఆ కాగితం పట్టుకుని మామగారి ముందు కూర్చున్నాను. పెద్దల్లుణ్ణి, ముందు కోరుకునే హక్కు నాది అన్నాను. మంచివాడనిపించుకోవడానికి వాడు, "పిల్లలు ముగ్గుర్నీ కింద పడుకోబెడదాం అన్నయ్యా, పెద్దవాళ్ళం పైన సర్దుకుందాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవరి పిల్లలు వాళ్ళ దగ్గరే అన్నాను. అంతే. కింది వాటా నాదీ, నా భార్యదీ, తొమ్మిదేళ్ళ నా కూతురిదీ అయింది. వాడు ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని పైకెక్కి, కిటికీలు బార్లా తెరుచుకుని బతుకుతున్నాడు.

ఆ గెలుపుని ఒకసారి గుర్తు తెచ్చుకుని, చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాను.

ఈ ఇంటి గొడవా గాలి గురించే. ఇద్దరన్నదమ్ములు, ఇద్దరు కోడళ్ళు, చిన్నవాళ్ళకి నాలుగేళ్ళ పాప. నేలలోకి సగం దిగిన కింది గదిలో పెద్దవాళ్ళు, పై గదిలో పాపతో చిన్నవాళ్ళు పడుకునేవారు. రేడాన్ అని ఒక వాయువు ఉంది. మట్టిలో, రాళ్ళలో పుట్టి నేల పగుళ్ళలోంచి ఇళ్ళలోకి చేరుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఒక్కరోజులో ఏమీ చెయ్యదు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సరై కూర్చోవచ్చు. దాన్ని కొలవడానికి ఎనిమిది నెలల కిందట ఈ ఇంట్లో రెండు బొగ్గుపొడి డబ్బాలు పెట్టించారు, పైనొకటి, కిందొకటి. అంకె వంద దాటితే జాగ్రత్తపడాలట. పై గదికి నాలుగొందల పది వచ్చింది, కింది గదికి అరవై.

పెద్దకోడలు ఆ రోజే పక్కబట్టలు చుట్టుకుంది. "పాపని కింద పడుకోబెట్టండి. మేం పైకి పోతాం. మాకేం, పిల్లా జెల్లా" అంది. చుట్టాలంతా ఆమె త్యాగానికి కళ్ళు తుడుచుకున్నారు.

పోయిన నెల తమ్ముడు అంకెలు చూపించే చిన్న మిషనొకటి కొనుక్కొచ్చి కింది గదిలో పెట్టాడు. వారం తర్వాత చూస్తే నాలుగొందల ఇరవై. పై గదిలో పెడితే యాభై ఐదు. అంటే పరీక్ష ఫలితం తిరగబడింది. పాప ఎనిమిది నెలలు చెడ్డ గాలిలో పడుకుంది. తమ్ముడు తిన్నగా స్టేషనుకెళ్ళి, మా వదినే డబ్బాలు తారుమారు చేసిందని రాసిచ్చాడు. అన్నగారు నా దగ్గరికొచ్చి, "మా ఆవిడ అలాంటి మనిషి కాదండీ" అని నా బల్ల మీద తల వాల్చేశాడు. ఇవాళ నాలుగింటికి ఆమెని అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పి ఉన్నాడు. నాకున్నది మూడు గంటల నలభై ఐదు నిమిషాలు.

హాల్లో వాడు టీ తాగుతున్నాడు.

"రండన్నయ్యా. టీ చెప్పమంటారా?" అన్నాడు, తన ఇల్లయినట్టు.

"ఇక్కడ నేను అన్నయ్యని కాదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఈ ఇంటి అన్నగారు పెట్టుకున్న డిటెక్టివ్‌ని."

"అలాగే డిటెక్టివ్ గారూ" అన్నాడు నవ్వకుండా. నవ్వకుండా అనడమే వాడి పొగరు. ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఒక కాగితం నా వైపు జరిపాడు. "ఇది చూడండి. పరీక్ష డబ్బాలతోపాటు ఇచ్చే కాగితం. పెద్దకోడలి కుట్టుమిషను సొరుగులో దొరికింది."

ఒక వాక్యం కింద పెన్నుతో రెండు గీతలు ఉన్నాయి. నేలకి దగ్గరగా ఉండే గదుల్లో ఈ వాయువు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది.

"డబ్బాలు పెట్టిన రోజే ఆవిడ ఇది చదివింది. కింద ఎక్కువ వస్తుందని తెలుసు. డబ్బాలు తీసుకెళ్ళిన రోజు పొద్దున తొమ్మిది నుంచి పదకొండుదాకా ఇంట్లో ఒక్కతే ఉంది. గదులు మార్చుకుందామని ముందు అన్నది ఆవిడే. పిల్లలు లేరు. తోడికోడలికి పాప ఉంది. ఇంకేం కావాలి?"

"కోడలి సొరుగులో కాగితం దొరికితే కేసయిపోతుందా? మీ సొరుగు వెతికితే ఏం దొరుకుతాయో!"

"మన ఇంటి కరెంటు బిల్లులు దొరుకుతాయి. మీ వాటావి కూడా" అన్నాడు. నేను కట్టడం మర్చిపోయిన సంగతి ఇలా ఎత్తిపొడిచాడు. పక్కనున్న కానిస్టేబుల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

పన్నెండు నలభైకి పెద్దకోడలు నా ఎదురుగా కూర్చుంది. నలభై రెండేళ్ళుంటాయి. బట్టలు కుడుతుంది. వేళ్ళ చివర సూదిపోట్లు. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"ఈ గీతలు మీరే గీశారా?"

"నేనే."

"ఎందుకు?"

"కింద పడుకునేది నేను కదండీ. నా గదిలోనే ఎక్కువుంటుందని రాసుంటే భయమెయ్యదా? మా ఆయనకి చూపిద్దామని గీశాను."

"తీరా పై గదిలో ఎక్కువని వచ్చింది. కాగితంలో ఒకలా ఉంది, ఫలితం ఇంకోలా వచ్చింది. అనుమానం రాలేదా?"

"వచ్చింది. పరీక్ష చేసినాయన్ని అడిగితే, గోడలు రాతివైనా, నూతినీళ్ళు వాడినా ఒక్కోసారి పైనే ఎక్కువుంటుందన్నాడు. మా పై గోడ రాతిదే. సరే అనుకున్నా."

వాడు గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. వాడు వింటున్నాడని నేను ఇంకో మెట్టు పైకెళ్ళాను.

"మీ తోడికోడలంటే మీకు అసూయా?"

"అసూయే" అంది వెంటనే. "లేదంటే మీరు నమ్ముతారా? పాప దాన్ని అమ్మా అన్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది. పాపకి జ్వరమొస్తే నన్ను లేపకుండా అదే తడిగుడ్డ వేసుకుంటే మండుతుంది. దానికి నేనంటే ఇంత భయం, అది చూసీ మండుతుంది. అవన్నీ ఉన్నాయండీ. ఎక్కడికి పోతాయి?"

"మరి ఆ గది ఇష్టపూర్తిగానే ఇచ్చారా?"

"ఇష్టమేమిటండీ! పదేళ్ళు పడుకున్న గది. ఎండాకాలం అదొక్కటే చల్లగా ఉంటుంది. పైకెళ్ళి నాలుగు రోజులు ఏడ్చాను. ఏడుస్తూనే ఇచ్చాను. ఆ పిల్ల పైన చెడ్డ గాలి పీలుస్తోందంటే కింద నాకు నిద్రెలా పడుతుంది?"

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు ఆలోచించలేదు. గబగబా తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

"డబ్బాలు ముట్టుకున్నారా?"

"లేదు. మేకుకి దారంతో కట్టి, ముడి మీద సంతకం పెట్టిన కాగితం అంటించాడాయన. ముట్టుకుంటే కాగితం చిరుగుతుందని చెప్పాడు. ఆ మూడు రోజులూ ఆ పక్కన చీపురు కూడా వెయ్యలేదు."

చిన్నకోడలు వంటింటి గుమ్మంలో పాపని నడుముకి కరిపించుకుని నిలబడింది. ఆమెని అడగడానికి పెద్దగా ఏమీ లేదు. "అక్క మీద మీకూ అనుమానమేనా?" అన్నాను. ఆమె పాప జుట్టు సర్దింది. "నాకు తెలీదండీ. తను పాపని ఎత్తుకున్నప్పుడు తన మొహం చూస్తే నాకు కుళ్ళుగా ఉంటుంది, నేను అంత ముద్దుగా ఎత్తుకోలేనేమోనని. అలా ఎత్తుకునే మనిషి ఇలా చేస్తుందా? కానీ ఆయన అంటున్నారు..." అని ఆగిపోయింది. పాప మాత్రం ఆగలేదు. "పెద్దమ్మ ఎందుకేడుస్తోంది?" అని నన్నే అడిగింది. నేను నా డైరీలో ఏదో రాసుకున్నట్టు నటించాను.

ఒంటిగంట పదికి కింది గదికి వెళ్ళాను. వాడూ వెనకే వచ్చాడు. ఆరు మెట్లు దిగాలి. మంచం, పాప మంచం, గోడవారగా బట్టలుతికే మిషను, దాని మీదుగా కట్టిన తాడు, తాడు మీద తడిబట్టలు. గోడకి చెయ్యి ఆనిస్తే చెమ్మ తగిలింది. మేకు నేలకి నడుమెత్తున ఉంది. పై గదికి వెళ్ళి చూశాను. ఎండ నేరుగా పడుతోంది. చెమ్మ ఊసే లేదు.

నా గుండె గంతులేసింది. పొద్దున నేను ల్యాబుకి వెళ్ళొచ్చాను. అక్కడ డబ్బాలు తూచే ఆవిడ ఉంది. ఏ డబ్బా వచ్చినా ముందు తూకం వేస్తుంది, ఆ తర్వాతే మిషనులో పెడుతుంది. బొగ్గు గాలిలోని చెమ్మని కూడా పీల్చుకుంటుంది గనక, ఎంత బరువు పెరిగిందో చూసి లెక్క సరిచేస్తారట. ఆ తూకం చీటీ నా జేబులో ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, వినండి. పదిహేడో నంబరు డబ్బా, పై గదిదని రాసుంది. తొమ్మిది గ్రాములు పెరిగింది. పద్దెనిమిది, కింది గదిదని రాసుంది. రెండు గ్రాములే పెరిగింది. పైనేమో ఎండిపోయిన గది. కిందేమో తడిబట్టలు. అంటే పదిహేడో నంబరు డబ్బా మూడు రోజులూ ఇక్కడే ఉంది. ఈ సంగతి మీకు తట్టిందా?"

వాడు చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. మడిచి నాకిచ్చాడు.

"తట్టలేదు. చాలా బాగా పట్టుకున్నారన్నయ్యా. పెట్టిన రోజే డబ్బాలు గదులు మార్చింది, మేస్త్రి వచ్చేముందు మళ్ళీ యథాస్థానంలో పెట్టేసింది. అంటే తీసుకెళ్ళిన రోజు పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య. అప్పుడు ఇంట్లో ఉన్నది ఆవిడ ఒక్కతే." ఆగి, "నా కేసుకి మంచి సాక్ష్యం తెచ్చారు. థాంక్స్" అన్నాడు.

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళి, ఆ తూకాలావిడ చేత చీవాట్లు తిని తెచ్చిన చీటీ అది. దాన్ని తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను.

"ముడి మీద సంతకం కాగితం ఉంది. అది చిరక్కుండా ఆవిడెలా మారుస్తుంది?"

"తడిపితే ఊడొస్తుంది. ఆరాక మళ్ళీ అంటించొచ్చు."

"ఇంత పథకం వేసిన మనిషి, గీతలు గీసిన కాగితాన్ని సొరుగులో దాచుకుంటుందా? ఎనిమిది నెలలు?"

"మనుషులు అలాంటివే మర్చిపోతారు."

"అసూయపడేవాళ్ళ సంగతి నాకు తెలుసు" అన్నాను. గొంతు పెరిగింది. "వాళ్ళు మంచిదాన్ని లాక్కుంటారు. ఇవ్వరు. పదేళ్ళు పడుకున్న గది అయితే చచ్చినా ఇవ్వరు!"

వాడు నా మొహంలోకి చూశాడు. "అవును, మీకు తెలుసు" అన్నాడు మెల్లగా. ఆ మాటకి అర్థమేమిటని నిలదీసేవాణ్ణే. అప్పుడే పైనుంచి గాలిమేస్త్రి వచ్చాడని కేక వినిపించింది.

ఇళ్ళకి గాలి పరీక్షలు చేసే మనిషిని ఆ చుట్టుపక్కల అందరూ గాలిమేస్త్రి అంటారు. అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా ఒక్కరి చేతా మాట పడలేదట. ఇప్పుడు పోలీసు జీపు చూసి నుదురు తుడుచుకుంటున్నాడు. ఎనిమిది నెలల కిందట వాడినవంటి పాత డబ్బాలు రెండు, తన రిజిస్టరు తీసుకుని ఒకటిన్నరకల్లా రమ్మని నేనే చెప్పాను. రెండింటికి వచ్చాడు.

"డబ్బాలు తీసుకునేటప్పుడు ముళ్ళ మీద కాగితాలు ఎలా ఉన్నాయి?"

రిజిస్టరు తీశాడు. "రెండూ సరిగా ఉన్నాయి అని రాశానండీ. చిరగలేదు. సంతకం చెదరలేదు. నీళ్ళు తగిలితే నా ఇంకు పాకుతుంది. పాకలేదు."

నేను వాడి వైపు చూశాను. వాడు గోడ వైపు చూశాడు. కానీ ఓడిపోయిన మొహం కాదు, ఆలోచిస్తున్న మొహం. అదీ నాకు కంటగింపే.

"మేస్త్రిగారూ, ఆ రోజు ఎలా పెట్టారో, మూడు రోజుల తర్వాత ఎలా తీశారో అచ్చం అలాగే ఇప్పుడు చేసి చూపించండి. ఏదీ మార్చొద్దు. మాట్లాడొద్దు."

ఆయన సంచీ దింపాడు. రెండు డబ్బాలు, రెండు నంబరు చీటీలు తీశాడు. చీటీలకి నాలుకతో తడి చేసి, ముప్ఫై ఒకటి ఒకదానికి, ముప్ఫై రెండు ఇంకోదానికి అంటించాడు. అంటించింది డబ్బాకి కాదు, మూతకి.

"ఆగండి. నంబరు మూత మీదా?"

"అడుగున అంటించాలండీ అసలు. ఆ నెల వచ్చిన చీటీలు అడుగున అంటిస్తే చెమ్మకి ఊడిపోతున్నాయి. మూతైతే నా దగ్గరే ఉంటుంది కదా అని మూత మీద అంటించాను. ఆ ఒక్క నెలే. తర్వాత నంబరు అచ్చేసిన డబ్బాలే పంపిస్తున్నారు."

రిజిస్టరులో రాసుకున్నాడు. ముప్ఫై ఒకటి పై గది, ముప్ఫై రెండు కింది గది. మోకాళ్ళు పట్టుకుంటూ ముందు పైకి ఎక్కాడు. "ఎప్పుడైనా ఎక్కడమే ముందండీ. కాళ్ళలో సత్తువుండగానే" అన్నాడు. మాట్లాడొద్దన్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. డబ్బా మూత తీసి మేకుకి కట్టాడు. మూతని సంచీలోంచి తీసిన పొడుగాటి రేకు గొట్టంలో వేశాడు. మూత సరిగ్గా పట్టేంత గొట్టం. తర్వాత కిందికి దిగి రెండో డబ్బా కట్టాడు. ఆ మూతా గొట్టంలో వేశాడు, మొదటిదాని మీద.

ఆయన్ని టీ తాగమని హాల్లో కూర్చోబెట్టి, పెద్దకోడలి కుట్టుపెట్టెలోంచి రెండు బొత్తాలు తీసుకున్నాను. తెల్లదాన్ని పై డబ్బాలో వేశాను. ఎర్రదాన్ని కింది డబ్బాలో వేశాను. వాడు పక్కనే ఉండి చూశాడు.

"మేస్త్రిగారూ, మూడు రోజులు అయిపోయాయి. తీసుకెళ్ళండి."

ఆయన మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని ముందు పైకే ఎక్కాడు. గొట్టంలో చెయ్యి పెట్టి పైనున్న మూత తీశాడు. అది ఆఖర్న వేసిన మూత, కింది డబ్బాది. దాన్ని పై డబ్బాకి బిగించి, చుట్టూ టేపు వేసి, టేపు మీద సంతకం పెట్టాడు. కిందికి దిగి మిగిలిన మూతని కింది డబ్బాకి బిగించాడు. రెండూ తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి, ఇంత చిన్న పనికి ఇంతమంది ఎందుకు చూస్తున్నారో తెలియక దిక్కులు చూశాడు.

"పై గది నంబరెంత?" అన్నాను.

"ముప్ఫై ఒకటండీ. రిజిస్టరులో ఉంది."

ముప్ఫై ఒకటి మూత ఊడదీసి డబ్బా బోర్లించాను. నల్లటి పొడి, దానితోపాటు ఎర్ర బొత్తం బల్ల మీద పడ్డాయి.

పెద్దకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నకోడలు పాపని దింపి, వెళ్ళి ఆమె పక్కన కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. తమ్ముడు తలెత్తలేదు. అన్నగారు తమ్ముడి వైపు చూసి, చెయ్యెత్తి, ఆ చేత్తోనే తన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి చేయించండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఇంకోసారి చేయించాను. ఇంకోసారీ అదే వచ్చింది. డబ్బా ఒకటే పెడితే తప్పు జరిగే వీలు లేదు. రెండు పెడితే ప్రతిసారీ జరుగుతుంది. గాలిమేస్త్రి కుర్చీలో కూలబడిపోయాడు. "ఇన్నేళ్ళు పని చేశానండీ. ఇన్నేళ్ళు" అని గొణుక్కుంటున్నాడు.

మూడు ఇరవై అయింది. నాలుగింటి అరెస్టుకి ఇంకా నలభై నిమిషాలుంది. నాకు ఒళ్ళంతా తేలిపోతోంది. ఈ క్షణంలో మామగారు ఇక్కడుంటే, చెవి మిషను పెట్టుకునుంటే ఎంత బాగుండునో! రాత్రి భోజనాల దగ్గర ఎలా మొదలుపెట్టాలో కూడా అనేసుకున్నాను. ముందు తూకం చీటీ. తర్వాత బొత్తాలు. ఆఖర్న, మీ చిన్నల్లుడు ఏమన్నాడో తెలుసా అని.

"ఏం ఇన్‌స్పెక్టర్ గారూ, జీపు ఖాళీగా వెళ్తుందేమో!" అన్నాను.

వాడు నా మాట వినిపించుకోలేదు. గాలిమేస్త్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, కంగారుపడకండి. ఒక్కటి చెప్పండి. మూత మీద నంబరు పెట్టిన ఆ నెలలో, రెండేసి డబ్బాలు ఎన్ని ఇళ్ళల్లో పెట్టారు?"

అది నేను అడగాల్సిన ప్రశ్న. నాకు అడగాలని తోచలేదు. నేను గెలుపులో ఉన్నాను.

గాలిమేస్త్రి రిజిస్టరు పేజీలు తిప్పాడు. "అందరూ ఒక్కటే పెట్టించుకుంటారు బాబూ... ఇది ఒకటి... ఇది ఒకటి... రెండు పెట్టించింది ఈ ఇంట్లో. ఇంకోటి, అదే రోజు మధ్యాహ్నం. పందొమ్మిది, ఇరవై నంబర్లు. తెల్ల గేటు ఇల్లు. కింద ఒక వాటా, పైనొక వాటా. చెవి మిషను పెట్టుకున్న పెద్దాయన చేయించుకున్నాడు. అల్లుళ్ళిద్దరూ పనుల మీద వెళ్ళారన్నాడు. బాగా గుర్తు. గంటసేపు కూర్చోబెట్టి చిన్నల్లుడి గురించి చెప్పాడు. ఒక్క మాట మాట్లాడినా తూచి మాట్లాడతాడట."

వాడు తల తిప్పి నా వైపు చూశాడు. గెలిచినవాడి చూపు కాదది. ఆ చూపులో కుళ్ళుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు.

నాకు తెలియకపోలేదు. గీతలు గీసిన కాగితం మధ్యాహ్నం నా చేతుల్లోనే ఉంది. నేలకి దగ్గరగా ఉండే గదుల్లో ఎక్కువ. మా కింది వాటాకీ రెండు మెట్లు దిగే వెళ్ళాలి. ఎదుటివాళ్ళ ఫలితాన్ని తూకం వేసి, బొత్తాలేసి పరీక్షించాను. నా ఫలితాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. అది నన్ను గెలిపించిన కాగితం. గెలిపించిన కాగితాన్ని ఎవరు రెండోసారి చదువుతారు?

పెద్దకోడలు తన మంచి గదిని ఏడుస్తూ ఇచ్చింది. తెలియక ఇచ్చింది గనక పాపకి చెడు జరిగింది. నేను నవ్వుతూ లాక్కున్నాను. వాడి పిల్లల్ని కిందికి రానివ్వలేదు. ఆ రోజు నేను మంచివాణ్ణయి ఉంటే ఈ ఎనిమిది నెలలూ ముగ్గురు పిల్లలూ అక్కడే పడుకునేవాళ్ళు. నా కుళ్ళు వాడి కొడుకులిద్దర్నీ కాపాడింది. నా కూతుర్ని మాత్రం ఆ గదిలో ఉంచింది.

"అన్నయ్యా, పాప ఎక్కడుంది ఇప్పుడు?" అన్నాడు వాడు.

"మూడున్నరకి బడి నుంచి వస్తుంది. వాళ్ళమ్మ ఆఫీసు నుంచి ఐదుకి వస్తుంది. అప్పటిదాకా కిందే..."

వాడప్పటికే ఫోను చేస్తున్నాడు, వాళ్ళావిడకి. "ఏమోయ్, పాప వచ్చిందా? కిందికెళ్ళి దాన్ని పైకి తీసుకురా. పుస్తకాలు, పక్క అన్నీ. ఇవాళ నుంచి అక్కావాళ్ళు మన దగ్గరే. అవును, అందరూ. ఎందుకేమిటన్నది తర్వాత చెప్తా. ముందు కింది కిటికీలన్నీ తెరువు."

మేమంతా ఆ ఫోను వైపే చూస్తున్నాం. ఫోనులో అడుగుల చప్పుడు, తలుపు తట్టిన చప్పుడు, మరదలి గొంతు, ఇంకో చిన్న గొంతు. గాలిమేస్త్రి నా చెయ్యి పట్టుకుని, "ఎనిమిది నెలలే కదా బాబూ. ఏళ్ళ తరబడి పీలిస్తేనే..." అంటున్నాడు. వింటున్నాను. వినబడడం లేదు.

వాడు ఫోను చెవి నుంచి తీశాడు. మొహం ఒకలా అయింది.

"రానంటోందట అన్నయ్యా. గడియ వేసుకుంది."

"ఎందుకు?"

"పైకి ఎప్పుడూ వెళ్ళొద్దని నాన్న చెప్పాడట. బాబాయి వాళ్ళింట్లో గాలి మంచిది కాదని చెప్పాడట. నాన్న చెప్తేనే తలుపు తీస్తుందట."

చెప్పాను. నిజంగానే చెప్పాను. మొదటి వారం బాబాయి కొడుకులతో ఆడుకోవడానికి మెట్లెక్కబోతుంటే, రెక్క పుచ్చుకుని దింపి మరీ చెప్పాను. వాళ్ళ పిన్ని అక్కడే నిలబడి వింది.

వాడు ఫోను నా వైపు చాపాడు. పదకొండేళ్ళలో వాడి చేతిలోంచి నేను ఏదీ తీసుకోలేదు. తీసుకున్నాను.

"తల్లీ, నాన్నని. తలుపు తియ్యి... అవునమ్మా, నేనే చెప్పాను. నాన్న తప్పు చెప్పాడు. బాబాయి వాళ్ళ గాలే మంచిది. పైకి వెళ్ళు."

అవతల గడియ తీసిన చప్పుడైంది.